డిస్కు లేని కంప్యూటర్లు లేవనప్పుడు

(పాల యూనియన్ల కంప్యూటర్ ఆపరేటర్లకు, సభ్య సంఘాల కార్యదర్శులకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో సమాఖ్య కంప్యూటర్ విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



పాలు పోసిన రైతుకు అనుకున్న రోజున డబ్బు చేతికందడం మన సహకార వ్యవస్థకు ఆయువుపట్టు. ధర అర్ధరూపాయి అటూ ఇటూ అయినా రైతు ఓర్చుకుంటాడు గాని, బిల్లు నాలుగు రోజులు వెనకబడితే ఓర్చుకోలేడు. ఆ నాలుగు రోజులకూ తవుడు, తెలగపిండి అరువు తేవలసి వస్తుంది. అరువు ఇప్పించిన ప్రైవేటు పాల వ్యాపారి మరునాటి ఉదయం క్యానుతో ఆయన వాకిట్లోనే నిలబడతాడు. అందుచేత యూనియన్ బిల్లుల గదిలో కంప్యూటర్లు ఆగిపోతే ఆ సెగ పల్లెలోని పశువుల పాక దాకా తగులుతుంది.

బిల్లుల గదులలోను, శిక్షణ హాళ్ళలోను డిస్కు లేని కంప్యూటర్లు, అనగా థిన్ క్లయింట్లు వాడేచోట్ల నుండి మాకు తరచుగా ఒకే రకం ఫోను వస్తుంటుంది: “ఉదయం నుంచి యంత్రాలు లేవడం లేదు.” ఫోను వచ్చేసరికే అక్కడ చాలా పని జరిగిపోయి ఉంటుంది. ఒకరు కేబుళ్ళు మార్చి చూసి ఉంటారు. మరొకరు యంత్రం లోపలి అమరికలు తిప్పి ఉంటారు. ఇంకొకరు సర్వర్‌ను రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టి ఉంటారు. తెల్లవారేటప్పటికి ఉన్న లోపం ఒక్కటే; మధ్యాహ్నానికి అది మూడవుతుంది.

ఈనాడు మేము మనవి చేయదలచినది ఒక్క మాట. యంత్రం ఎక్కడ ఆగిందో తెలియక ముందు దేనినీ మార్చకండి. ఎక్కడ ఆగిందో యంత్రమే తెర మీద చెబుతుంది. దానిని చదవడం నేర్చుకుంటే, పది ఫోన్లలో ఎన్నో మాకు చేయనక్కరలేకుండానే తీరుతాయి.

ఈ యంత్రం కథ

మామూలు కంప్యూటరుకు తన కార్యక్రమాలన్నీ తన డిస్కులోనే ఉంటాయి. డిస్కు లేని యంత్రానికి సొంత నిల్వ ఏదీ ఉండదు. కరెంటు రాగానే నెట్‌వర్క్ తీగ వెంట సర్వర్‌ను అడిగి, తనకు కావలసిన సమస్తమూ తెచ్చుకుని లేస్తుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. డిస్కులు చాలా ఖరీదుగా ఉన్న 1980లలోనే అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ డిస్కు లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. ఫైలు తెచ్చుకునే టీ.ఎఫ్.టీ.పీ. పద్ధతి 1981 నాటికే రాతలోకి వచ్చింది. చిరునామా అడిగే బూట్‌పీ పద్ధతి 1985లో వచ్చింది. దాని మీదనే 1993లో డీ.హెచ్.సీ.పీ. కట్టారు. ఈ రెండింటినీ నెట్‌వర్క్ కార్డులోనే ఇమిడ్చే పీ.ఎక్స్.ఈ. నిబంధనావళిని ఇంటెల్ సంస్థ 1990ల చివరలో ప్రకటించింది; ఈనాటికీ వాడుకలో ఉన్న 2.1 రూపం 1999 నాటిది. ఆ సంవత్సరంలోనే లైనక్స్ మీద నడిచే ఎల్.టీ.ఎస్.పీ. అనే ఉచిత ఏర్పాటు మొదలైంది.

దీనివలన లాభమేమిటి? పన్నెండు యంత్రాలున్న గదిలో కార్యక్రమాన్ని సరిచేయవలసి వస్తే సర్వర్‌లో ఒక్కచోట సరిచేస్తే చాలు. వైరస్ బెడద తక్కువ. యంత్రం పాడైతే మరొకటి తెచ్చి అదే తీగకు తగిలిస్తే సరిపోతుంది. అందులో పోయే లెక్కలేమీ ఉండవు. నష్టమేమిటో కూడా చెప్పుకోవాలి. సర్వర్ పడుకుంటే పన్నెండూ పడుకుంటాయి.

ఐదు చేతులు మారే పని

మన పాలు రైతు ఇంటి నుండి సంఘానికి, సంఘం నుండి బల్క్ కూలర్‌కు, అక్కడి నుండి ట్యాంకరుకు, డెయిరీకి, ప్యాకెట్టుకు చేతులు మారతాయి. ట్యాంకరులో పాలు విరిగితే ట్యాంకరు కడిగి ఊరుకోము గదా! ఏ రూటు, ఏ సంఘం, ఏ క్యాను అని ఒక్కొక్క మజిలీ చూస్తాము. నెట్‌వర్క్ మీద లేచే యంత్రానికి కూడా అట్లే ఐదు మజిలీలు ఉన్నాయి.

మొదటిది, తీగ. యంత్రానికి, నెట్‌వర్క్ స్విచ్‌కు నడుమ కేబుల్ సరిగా ఉండాలి. రెండు చివర్లా చిన్న దీపం వెలగాలి.

రెండవది, చిరునామా. యంత్రం “నేనెవరిని? నాకొక నంబరు ఇవ్వండి” అని గదిలో అందరికీ వినపడేటట్టు కేక వేస్తుంది. డీ.హెచ్.సీ.పీ. సర్వర్ జవాబుగా ఒక ఐపీ నంబరును, దానితోపాటు ఏ సర్వర్ నుండి ఏ ఫైలు తెచ్చుకోవాలో ఆ పేరును ఇస్తుంది.

మూడవది, లోడరు. యంత్రం టీ.ఎఫ్.టీ.పీ. ద్వారా ఆ చిన్న ఫైలును తెచ్చుకుని నడుపుతుంది.

నాలుగవది, కెర్నెల్. ఆ లోడరు ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, దాని తొలి సామగ్రి మూటను తెస్తుంది.

ఐదవది, ఫైళ్ళ గది. లేచిన కెర్నెల్ సర్వర్‌లోని ఫైళ్ళ వ్యవస్థను, సాధారణంగా ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిలో, తగిలించుకుంటుంది. ఆ తరువాతే పేరు, సంకేతపదం అడిగే తెర వస్తుంది.

ఒక మజిలీ దాటిందంటే దాని వెనకవన్నీ ఆ క్షణానికి బాగున్నట్టే. చిరునామా వచ్చిన యంత్రానికి కేబుల్ మార్చడం వృథా ప్రయాస. లోడరు నడిచిన యంత్రం విషయంలో టీ.ఎఫ్.టీ.పీ. సేవ నడుస్తున్నదా లేదా అని వెతకనక్కరలేదు.

ఆఖరి పంక్తి ఏమంటున్నది?

ఆగిపోయిన యంత్రం తెర మీద ఒక సంకేతం ఉంటుంది. అది కనబడి మాయమయ్యేలోగా సెల్‌ఫోనులో ఫొటో తీయండి. పాత బయోస్ యంత్రాలలో ముఖ్యమైన సంకేతాలు ఇవి.

ఈ-61 అంటే తీగ లోపం. కేబుల్ ఊడింది, లేదా లోపల తెగింది, లేదా స్విచ్‌కు కరెంటు లేదు. మన గోడౌన్ల పక్క గదులలో ఎలుకలు కొరికిన కేబుళ్ళు ఎక్కువ. గమనించవలసిన విషయం ఒకటున్నది. కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. 100 మెగాబిట్ వేగానికి రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అందుచేత ఒక జత తెగినా యంత్రం లేవవచ్చు గాని, నత్తనడక నడుస్తుంది. అన్నింటికన్నా ఆలస్యంగా లేచే యంత్రం ఎప్పుడూ ఒకటే అయితే, దాని కేబుల్‌ను అనుమానించండి.

ఈ-51 అంటే కేక వేశాను, ఎవరూ పలకలేదు అని. కొత్త యూ.ఈ.ఎఫ్.ఐ. యంత్రాలలో ఇదే సంగతిని ఈ-16 అని చూపుతుంది. చిరునామాలిచ్చే సేవ ఆగి ఉండవచ్చు. ఇవ్వడానికి నంబర్లు అయిపోయి ఉండవచ్చు. లేదా యంత్రానికి, సర్వర్‌కు నడుమ రూటరు ఉండవచ్చు. ఈ కేక రూటరు దాటి అవతలి నెట్‌వర్క్‌కు పోదు. అందుకొనేందుకు రూటరులో రిలే అనే ఏర్పాటు చేయాలి.

ఈ-53 అంటే చిరునామా వచ్చింది గాని ఫైలు పేరు రాలేదు అని. దీని వెనుక ఉండే కథ ఒకటున్నది, కాసేపట్లో చెప్పుకుందాము.

ఈ-32 అంటే ఫైలు కోసం వెళ్ళి తలుపు తట్టాను, జవాబు లేదు అని. టీ-01 అంటే తలుపు తీశారు గాని, ఆ పేరుగలవాడు ఇక్కడ లేడన్నారు అని. ఈ రెండింటి భేదం చాలామంది గమనించరు. పిలిచినా పలకని ఇల్లు వేరు, పలికి లేదన్న ఇల్లు వేరు. పలకకపోతే టీ.ఎఫ్.టీ.పీ. సేవ ఆగింది, లేదా సర్వర్‌లోని ఫైర్‌వాల్ అడ్డుపడింది. లేదంటే ఫైలు పేరు తప్పు, లేదా ఉండవలసిన ఫోల్డరులో లేదు. లైనక్స్ సర్వర్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి భేదం ఉన్నదని మరువరాదు.

ఫైర్‌వాల్ సంగతి మరికొంత చెప్పాలి. యంత్రం మొదట సర్వర్‌లోని 69వ నంబరు ద్వారానికి వెళ్తుంది. సర్వర్ మాత్రం ఆ ద్వారం నుండి కాక, అప్పటికప్పుడు ఎంచుకున్న మరో ద్వారం నుండి జవాబు పంపుతుంది. అందుచేత “69 తెరిచే ఉంచాము గదా” అనుకుంటే చాలదు. నడుమనున్న ఫైర్‌వాల్‌కు ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

కరెంటు పోయి వచ్చిన ఉదయం

ఈ యంత్రాలు లేవని రోజులలో పెక్కు కరెంటు పోయి వచ్చిన రోజులే. కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం కలగదు. కరెంటు రాగానే స్విచ్, సర్వర్, థిన్ క్లయింట్లు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. చిన్న యంత్రం కొద్ది సెకండ్లలోనే కేక వేయడం మొదలుపెడుతుంది. సర్వర్ తన డిస్కులు సరిచూసుకుని సేవలన్నీ తెరిచేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. పీ.ఎక్స్.ఈ. నిబంధన ప్రకారం యంత్రం 4, 8, 16, 32 సెకండ్ల చొప్పున, మొత్తం ఒక నిమిషం ఎదురుచూస్తుంది. కొన్ని అంతసేపు కూడా ఆగవు. ఆ పైన ఈ-51 చూపి ఊరుకుంటుంది. అప్పటికి ఏ లోపమూ లేదు. ఐదు నిమిషాల తరువాత యంత్రాన్ని ఆపి మళ్ళీ పెడితే లేస్తుంది. ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టనందువలన అమరికలన్నీ తారుమారు చేసుకున్న సందర్భాలు మేము చూశాము.

ఇందుకు మందు మూడు మాటలలో ఉన్నది. స్విచ్‌ను కూడా యూ.పీ.ఎస్. మీద పెట్టండి, సర్వర్‌కు మాత్రమే పెట్టి స్విచ్‌ను గోడ ప్లగ్గుకు వదిలేయడం చాలాచోట్ల కనబడుతుంది. ముందు స్విచ్, తరువాత సర్వర్, సర్వర్ పూర్తిగా లేచాక యంత్రాలు అన్న వరుస పాటించండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదలుకాకుండా బయోస్‌లో అమర్చండి.

స్విచ్ గురించి మరో రహస్యం ఉన్నది. కొన్ని స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ అనే కాపలా ఉంటుంది. తీగలు పొరపాటున వలయంగా కలిసి నెట్‌వర్క్ అంతా స్తంభించకుండా అది కాపాడుతుంది. పాత పద్ధతిలో కొత్తగా తగిలిన ప్రతి తీగనూ అది 15 సెకండ్ల చొప్పున రెండు దశలలో, మొత్తం 30 సెకండ్లు పరిశీలించి గాని దారి వదలదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, యంత్రం కేక వేస్తూనే ఉంటుంది, ఆ కేక మాత్రం స్విచ్ దాటదు. అంతకన్నా తికమక ఏమంటే, లోడరు ముగిసి కెర్నెల్ మొదలైనప్పుడు అది నెట్‌వర్క్ కార్డును మళ్ళీ మొదటి నుండి పలకరిస్తుంది. తీగ ఒక్క క్షణం తెగి కలిసినట్టవుతుంది. 30 సెకండ్ల కాపలా మళ్ళీ మొదలవుతుంది. అందువలన మొదటిసారి చిరునామా వచ్చి, నాలుగవ మజిలీ తరువాత రెండవసారి రాకపోవడం జరుగుతుంది. యంత్రాలు తగిలే ద్వారాలకు ఈ కాపలా వేచి ఉండనవసరం లేదని స్విచ్‌లో చెప్పవచ్చు. కొన్ని స్విచ్‌లలో దానిని పోర్ట్‌ఫాస్ట్ అంటారు, కొన్నిటిలో ఎడ్జ్ పోర్ట్ అంటారు. స్పానింగ్ ట్రీని పూర్తిగా తీసివేయమని మాత్రం మేము చెప్పడం లేదు.

కరెంటుతో ముడిపడినదే మరొకటి. ప్రతి యంత్రంలోను రూపాయి బిళ్ళంత 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది; సీ.ఆర్. 2032 అని దాని మీద రాసి ఉంటుంది. అది నీరసిస్తే, కరెంటు తీసిన ప్రతిసారీ యంత్రం తన గడియారాన్ని, నెట్‌వర్క్ మీద లేవాలన్న సంగతిని మరచిపోవచ్చు. అప్పుడది లేని డిస్కు కోసం వెతుక్కుంటుంది. తెర మీద పీ.ఎక్స్.ఈ. మాటే కనబడకపోయినా, తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోయినా ముందుగా ఆ బిళ్ళ మార్చండి.

పిలవకుండా వచ్చిన రెండవ పెద్ద

ఈ-53 కథకు వద్దాము. ఒక యూనియన్ కార్యాలయంలో సోమవారం ఏడు యంత్రాలు లేచాయి, ఐదు లేవలేదు. మంగళవారం లేవని ఐదులో మూడు లేచాయి, లేచినవాటిలో నాలుగు ఆగాయి. యంత్రాలు పాతబడ్డాయని, కొత్తవి కొనాలని తీర్మానం కూడా సిద్ధమవుతున్నది. తెర మీది ఫొటోలు తెప్పించి చూశాము. పాత బయోస్ యంత్రం చిరునామా రాగానే క్లయింట్ ఐపీ, డీ.హెచ్.సీ.పీ. ఐపీ, గేట్‌వే ఐపీ అని ముద్రిస్తుంది. లేచిన యంత్రాలలో డీ.హెచ్.సీ.పీ. ఐపీ సర్వర్‌ది. లేవనివాటిలో అది వేరే నంబరు.

విషయమేమిటంటే, ఎవరో సెల్‌ఫోన్ల కోసం ఒక చిన్న వైఫై పెట్టె తెచ్చి ఖాళీగా ఉన్న నెట్‌వర్క్ సాకెట్టులో తగిలించారు. ఇటువంటి పెట్టెలు కొన్నప్పటి నుండే చిరునామాలు పంచుతుంటాయి. యంత్రం కేక వేసినప్పుడు ఇద్దరు పెద్దలు పలికారు. వైఫై పెట్టె మాట ముందుగా చెవిన పడిన యంత్రానికి నంబరు దొరికింది గాని ఫైలు పేరు దొరకలేదు. ఏ రోజు ఎవరి మాట ముందు అన్నది నికరం కాదు గనుక లోపం ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి దూకుతున్నట్టు కనబడింది. ఆ పెట్టెలో చిరునామాలు పంచే పని ఆపివేయగానే పన్నెండూ లేచాయి. కొత్త యంత్రాల తీర్మానం అవసరపడలేదు.

కాబట్టి రోజుకొక యంత్రం చొప్పున లోపం మారుతుంటే యంత్రాలను కాదు, పంచేవారిని లెక్కపెట్టండి. ఒక గదిలో ఒక్కరే పంచాలి. చిరునామాలు తప్పనిసరిగా రూటరే ఇవ్వవలసిన చోట, ఫైలు సమాచారం మాత్రమే ఇచ్చే ప్రాక్సీ డీ.హెచ్.సీ.పీ. అనే ఏర్పాటు ఉన్నది. చిన్న కార్యాలయాలకు పనికివచ్చే డీఎన్ఎస్‌మాస్క్ అనే ఉచిత కార్యక్రమం ఆ పని చేయగలదు. సెల్‌ఫోన్లను మాత్రం ఈ నెట్‌వర్క్‌లో చేర్చవద్దు. ఒక్కొక్క ఫోను ఒక్కొక్క నంబరు పట్టుకుపోతే చివరకు బిల్లుల యంత్రానికే నంబరు మిగలదు.

పాతవి లేస్తాయి, కొత్తవి లేవవు

ఇటీవలి సంవత్సరాలలో ఎక్కువగా వినబడుతున్న ఫిర్యాదు ఇది. పాత యంత్రాలు బయోస్ పద్ధతిలో లేస్తాయి, కొత్తవి యూ.ఈ.ఎఫ్.ఐ. పద్ధతిలో. రెంటికీ లోడరు ఫైళ్ళు వేరు. పాత పద్ధతిని కూడా అనుకరించే ఏర్పాటును 2020 నుండి కొత్త యంత్రాలలో క్రమంగా తీసివేస్తూ వచ్చారు. అందుచేత “బయోస్‌లో లెగసీ పెట్టండి” అన్న పాత సలహా కొత్త యంత్రం దగ్గర చెల్లదు.

దీని లక్షణం గుర్తుపట్టడం తేలిక. కొత్త యంత్రం చిరునామా తెచ్చుకుంటుంది, ఫైలు దిగిందని కూడా చెబుతుంది, ఏ తప్పూ చూపకుండా మళ్ళీ మొదటి మెనూకు వస్తుంది. గేదె దూడకు మేక పాలపీక పెట్టినట్టు. పాలున్నాయి, తాగడం కుదరదు. సర్వర్‌ను తప్పుపట్టనక్కరలేదు. యంత్రం కేక వేసేటప్పుడే తాను ఏ రకమో 93వ అంశంలో చెబుతుంది: 0 అంటే పాత బయోస్, 7 అంటే 64 బిట్ల యూ.ఈ.ఎఫ్.ఐ. ఆ అంకె చూసి తగిన ఫైలు పేరు ఇవ్వమని డీ.హెచ్.సీ.పీ. సర్వర్‌కు చెప్పి ఉంచితే పాతవి, కొత్తవి ఒకే గదిలో కాపురం చేస్తాయి. అప్పటికీ కొత్త యంత్రం భద్రతా ఉల్లంఘన అని అభ్యంతరం తెలిపితే అది సెక్యూర్ బూట్ పని. ముద్ర ఉన్న లోడరునే అది ఒప్పుకుంటుంది. ముద్ర ఉన్న లోడరు పెట్టాలి.

ఇందులో కొనుగోలు సంఘాలవారు గమనించవలసినది ఉన్నది. కొత్త రకం యంత్రాలు పన్నెండు ఒకేసారి కొనవద్దు. ఒకటి తెచ్చి మీ సర్వర్ మీద లేపి చూసి, ఆ తరువాత పదకొండు కొనండి.

సగంలో ఆగిన మూట

సిస్టమ్‌ను తాజాపరచిన మరునాడు యంత్రాలు నాలుగవ మజిలీలో ఆగితే సామగ్రి మూట పరిమాణం చూడండి. పాత టీ.ఎఫ్.టీ.పీ. పద్ధతిలో ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుతారు. ముక్కల వరుస సంఖ్య 65,535 దాటదు. అంటే సుమారు 32 ఎం.బి. దగ్గర దారి మూసుకుపోతుంది. ముక్కను పెద్దది చేసుకునే వెసులుబాటు 1995లో నిబంధనలలో చేరింది. రెండు వైపులవారూ దానిని ఒప్పుకోవాలి. లేదా ఐ.పీ.ఎక్స్.ఈ. వంటి లోడరు పెట్టి, పెద్ద ఫైళ్ళను హెచ్.టీ.టీ.పీ. ద్వారా తెచ్చుకోవచ్చు.

టీ.ఎఫ్.టీ.పీ.కి మరో స్వభావం ఉన్నది. ఒక ముక్క అందిందని కబురు వచ్చాకే రెండవ ముక్క పంపుతుంది. 20 ఎం.బి. ఫైలుకు 40,960 ముక్కలు. సర్వర్ అదే గదిలో ఉంటే ఇది లెక్కలోనిది కాదు. సర్వర్‌ను ప్రధాన కార్యాలయంలో పెట్టి, రానుపోను 40 మిల్లీసెకండ్లు పట్టే దూరపు లైను మీద జిల్లా యంత్రాలను లేపాలనుకుంటే ఆ ఒక్క ఫైలుకే 27 నిమిషాలు పడుతుంది. సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

కెర్నెల్ లేచి, మూల ఫైళ్ళ వ్యవస్థను తగిలించుకోలేకపోయానని ఆగితే అది ఐదవ మజిలీ. ఎన్.ఎఫ్.ఎస్. సేవ నడుస్తున్నదా, ఈ యంత్రపు నెట్‌వర్క్‌కు అనుమతి ఉన్నదా, సామగ్రి మూటలో ఈ నెట్‌వర్క్ కార్డుకు డ్రైవరు ఉన్నదా అని చూడాలి. పాతవన్నీ లేచి కొత్తవే ఇక్కడ ఆగితే డ్రైవరు లేదనుకోవచ్చు. ఉదయం బాగా లేచి మధ్యాహ్నం బిగుసుకుపోయే యంత్రం విషయం వేరు. దానికి డిస్కు లేదు గనుక రాసుకునేదంతా జ్ఞాపకశక్తిలోనే రాసుకుంటుంది; అది నిండిపోయింది.

సర్వర్ దగ్గర నిలబడి చూడండి

యంత్రం దగ్గర కథలో సగమే తెలుస్తుంది. మిగతా సగం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. ఎవరు అడిగారు, ఏమిచ్చాము, ఏ ఫైలు పట్టుకెళ్ళారు అన్నది క్షణాలతో సహా అందులో నమోదవుతుంది. యంత్రం వెనుక అంటించిన మ్యాక్ నంబరు చూసి లాగ్‌లో వెతకండి. అడిగినట్టే లేకపోతే లోపం దారిలో ఉన్నది. అడిగినా ఇవ్వలేదంటే లోపం సర్వర్‌లో ఉన్నది. ఇచ్చినా అందలేదంటే తిరుగు దారిలో ఉన్నది. లాగ్‌లో తేలకపోతే టీసీపీడంప్ లేక వైర్‌షార్క్ అనే కార్యక్రమంతో తీగ మీద నడిచే మాటలనే వినవచ్చు. వెళ్ళినప్పుడే సర్వర్ డిస్కులో చోటు ఎంత మిగిలిందో కూడా చూడండి. డిస్కు నిండితే పద్దు రాసుకోలేక చిరునామాలిచ్చే సేవ మూగబోవచ్చు.

చాలా ఏళ్ళు వాడుకలో ఉన్న ఐ.ఎస్.సీ. వారి పాత డీ.హెచ్.సీ.పీ. సర్వర్‌కు 2022తో ఆ సంస్థ నిర్వహణ నిలిపివేసింది. దాని స్థానంలో కియా వచ్చింది. పాతది ఈనాడు నడుస్తున్నా, మార్చే పనిని బిల్లులు లేని వారంలో పెట్టుకోండి.

పాటించవలసిన పద్ధతి

మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి సర్వర్ గది తలుపు మీద అంటించండి. ఒక్క యంత్రమా, కొన్నా, అన్నీనా? నిన్నటికీ నేటికీ ఏమి మారింది? తెర మీద ఆఖరి పంక్తి ఏమిటి?

అన్నీ లేవకపోతే సర్వర్, స్విచ్ దగ్గరకు వెళ్ళండి. ఒక్కటే లేవకపోతే దానిని బాగా లేస్తున్న పక్క యంత్రం కేబుల్‌కు తగిలించి చూడండి. అక్కడ లేస్తే లోపం కేబుల్‌ది, లేవకపోతే యంత్రానిది. కొన్నే లేవకపోతే వాటికి ఉమ్మడిగా ఏమున్నదో చూడండి: ఒకే స్విచ్చా, ఒకే రకమా, ఒకే రోజున కొన్నవా? ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చి ఫలితం లేకపోతే మొదటి స్థితికి తెచ్చి గాని రెండవదానికి పోవద్దు.

ఒక పుస్తకం పెట్టండి. తేదీ, యంత్రం, సంకేతం, చేసిన పని, ఫలితం. పాల పరీక్ష రిజిస్టరు ఎంత శ్రద్ధగా రాస్తామో ఇదీ అంతే. ఆపరేటరు బదిలీ అయినా, మానివేసినా ఆ పుస్తకం బదిలీ కాదు.

చివరగా పాలకవర్గాలవారికి రెండు విన్నపాలు. మొదటిది, ఈ ఏర్పాటు ప్రతి చోటికీ తగదు. ఒక్క కంప్యూటరు ఉన్న పల్లె సంఘానికి దీనితో పనిలేదు. డిస్కు ఉన్న యంత్రమే మేలు. పది, పన్నెండు యంత్రాలు ఒకచోట ఉండి, ఒకే పని చేసే బిల్లుల గదికి, శిక్షణ హాలుకు ఇది తగినది. పెట్టుకున్నచోట రెండవ సర్వర్ ఒకటి, అది పాతదైనా సరే, అదే అమరికతో సిద్ధంగా ఉండాలి. మూడు నెలలకొకసారి దాని మీద ఒక రోజు పని నడిపి చూడాలి. నడిపి చూడని రెండవ సర్వర్, ఈనుతుందో లేదో తెలియని పడ్డతో సమానం. అదీ పడుకున్న రోజుకు చేతిరాత రిజిస్టరు ఉండనే ఉండాలి.

రెండవది, ఆపరేటరు గురించి. యంత్రం ఆగిన రోజు బిల్లుల కోసం వచ్చిన కార్యదర్శుల మాటలన్నీ పడేది ఆయనే, ఆమే. వారికి సర్వర్ గది తాళం ఇవ్వరు, లాగ్ చూసే హక్కు ఇవ్వరు, మా ఫోను నంబరు మాత్రం ఇస్తారు. మేము వంద కిలోమీటర్ల దూరాన కూర్చుని దీపం వెలుగుతున్నదా అని అడుగుతాము. చూడగలిగినవారు అక్కడే ఉన్నారు. వారికి చూసే అధికారం ఇవ్వండి, నేర్చుకునే సమయం ఇవ్వండి. ఈ తరగతికి ప్రతి యూనియన్ ఇద్దరిని పంపాలని మేము కోరినది ఒకరు సెలవులో ఉన్న రోజున కూడా రైతు బిల్లు ఆగకూడదనే.

మధ్యాహ్నం నుండి పక్క హాలులో నాలుగు యంత్రాలకు నాలుగు లోపాలు పెట్టి ఉంచాము. ఏ మజిలీలో ఆగాయో ముందు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ తరువాతే చేయి వేద్దురుగాని.